వస కొమ్ము: ఊటనేలకు పంట, అజీర్ణమునకు మందు
(ఒక వ్యవసాయాధికారి, బి.యస్సి. వ్యవసాయము)

చెరువు కట్టకు దిగువన ఉన్న మళ్లలో కొన్నిటికి సంవత్సరము పొడుగున ఊట వచ్చుచునే యుండును. అట్టి మడిలో అపరాలు వేసిన వేరు కుళ్లి చచ్చును. వరి నాటినను నేల ఎన్నడును ఆరక పైరు బలహీనముగా నుండును. రైతు విసిగి ఆ చెక్కను వదలివేయును. జమ్ము, తుంగ పెరిగి పక్క మళ్లకు కూడ పాకును. ఇట్టి నేల కోరి పెరుగు మందుమొక్క ఒకటి కలదు. అదియే వస.

వస పేరు ఎరుగని తెలుగు ఇల్లు లేదు. ఎడతెగక మాటలాడు వానిని చూచి "చిన్నప్పుడు వాళ్లమ్మ వస ఎక్కువ పోసిందేమో" అని నవ్వుకొందుము. వసపిట్ట అని పేరు పెట్టుదుము. పచారీ కొట్టులో శొంఠి, పిప్పళ్ల పక్కన వస కొమ్ము దొరకును. ఐనను అది ఎక్కడ పండునో, ఎట్లు పండునో తెలిసిన రైతులు బహు కొద్దిమంది. అది ఎంత మేరకు మందో, ఎచ్చట విషమగునో తెలిసిన ఇల్లాండ్రు ఇంకను కొద్దిమంది. ఈ రెండు సంగతులును కలిపి చెప్పుటకే ఈ వ్యాసము.

ఒక గ్రామములో జరిగిన సంగతి

నారుమళ్లు చూచుటకు ఒకమారు నేనొక గ్రామమునకు పోయితిని. అచ్చట ఒక రైతు తన ఊటచెక్కలో రెండు సెంట్ల మేర వస నాటియుండెను. మొక్కలు మొలలోతు పెరిగి నిగనిగలాడుచుండెను. నేను మెచ్చుకొనబోవుచుండగా అతడు మొగము ముడుచుకొని, "అయ్యా, దీన్ని పీకేద్దామనుకుంటున్నాను" అనెను. కారణమడుగగా ఇంటికి తీసికొనిపోయెను. అంతకు పది దినములకు ముందు అతని మనుమనికి, మూడు నెలల పసివానికి, కడుపుబ్బరము చేసినదట. ఇంటి పెద్దామె వస అరగదీసి పోసెను. బిడ్డ వరుసగా వాంతులు చేసికొని, పాలు పట్టక, మెడ వాల్చివేసెను. పట్టణములోని ఆస్పత్రికి తీసికొనిపోగా రెండు దినములు ఉంచుకొని సెలైను ఎక్కించి పంపిరి. బిడ్డ దక్కెను.

"మామ్మగారూ, ఎంత పోశారు?" అని అడిగితిని.

"మా అత్తగారి నాటి నుంచి పోస్తూనే ఉన్నాం బాబూ. నా ఆరుగురు బిడ్డలకీ నేనే పోశాను. ఎప్పుడూ కొట్లో తెచ్చిన ఎండుకొమ్ము, దీపం మీద కాల్చి, రాతి మీద రెండు చుట్లు తిప్పి నాలుక్కి రాసేదాన్ని. ఈసారి ఇంటిదే ఉంది కదా, మంచిదని పచ్చికొమ్ము తెచ్చి అరగదీశాను. ఉబ్బరం తగ్గలేదని మళ్లీ రెండో పూటా పోశాను."

రైతు నావైపు తిరిగి, "ఇది మందో విషమో చెప్పండి. మందైతే ఎకరం వేస్తాను. విషమైతే రేపే పీకిస్తాను" అనెను.

అతడు వేసిన ప్రశ్న సరియైనది. దానికి ఒక్క మాటలో జవాబు లేదు. ఆ దినమున అతనికి చెప్పినదానినే ఇచ్చట కొంచెము వివరముగా వ్రాయుచున్నాను.

మొక్కను గుర్తించుట

వస శాస్త్రీయ నామము ఏకోరస్ కెలామస్. సంస్కృతమున వచ, ఉగ్రగంధ అనియు, తమిళమున వసంబు అనియు, కన్నడమున బజె అనియు, హిందీలో బచ్ అనియు అందురు. పూర్వము దీనిని చేమ కుటుంబములో చేర్చియుండిరి. ఇప్పుడు శాస్త్రజ్ఞులు దీనికి వేరు కుటుంబమే ఏర్పరచినారు.

ఇది చాల సంవత్సరములు బ్రతుకు మొక్క. పసుపు, అల్లము వలె భూమిలో అడ్డముగా పాకు కొమ్ము కలది. ఆకులు కత్తివలె పొడవుగా, నిటారుగా ఉండును. నడుమ ఈనె లావుగా తేలియుండును. పూలు చిన్న కంకివలె ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో వచ్చును. దూరము నుండి చూచిన జమ్ము అనుకొందుము. పోల్చుటకు సులభమైన ఉపాయము ఆకు నలిపి వాసన చూచుట. జమ్మునకు వాసన ఉండదు. వస ఆకు నలుపగానే ఘాటైన సువాసన వచ్చును.

ఎండిన కొమ్ము పైన గోధుమరంగుగా ఉండి, ఆకులు రాలిన చోట్ల త్రికోణపు మచ్చలును, అడుగున పీచువేళ్లు ఊడిన చోట్ల చుక్కలును కనిపించును. విరిచిన లోపల తెలుపు లేక లేత గులాబి రంగులో బెండువలె ఉండును. రుచి చేదు, కారము. బజారులో వస పేరున దుంపరాష్ట్రము వంటి వేరు దుంపల ముక్కలు కలిసి వచ్చుట కలదు. దుంపరాష్ట్రము గట్టిగా, నారగా, ఎరుపు కలిసిన రంగుతో ఉండును. కావున కొనువారు ముక్కను విరిచి చూచి కొనవలెను.

మన దేశమున కాశ్మీరము, హిమాచల్ ప్రదేశ్, మణిపూర్, నాగా కొండలలోని చిత్తడి నేలలలో వస తనంతట పెరుగుచున్నది. మన పొరుగున కర్ణాటకలోని తుమకూరు జిల్లా కొరటగెరె తాలూకాలో రైతులు దీనిని క్రమముగా సాగుచేయుట చాల కాలముగా ఉన్నది.

చేదు జీర్ణమునకు ఎట్లు సాయపడును?

చేదు తిన్న ఆకలి పుట్టునని మన పెద్దలు చెప్పుదురు. జ్వరము తగ్గినవారికి నేలవేము కషాయమిచ్చుట, భోజనములో మొదట కాకరకాయ వడ్డించుట ఈ ఆచారములే. ఐరోపా దేశములలో జెన్షియన్ అను చేదు వేరును ఇట్లే భోజనమునకు ముందు పుచ్చుకొందురు. హిమాలయములలో దొరకు కటుకరోహిణిని మన దేశములో దానికి బదులుగా వాడిరి.

దీనికి కారణము కలదు. నాలుకపై చేదు తగిలిన వెంటనే ఆ వార్త నరముల ద్వారా మెదడునకు పోవును. అక్కడి నుండి నోటికిని, జీర్ణకోశమునకును ఆజ్ఞ వచ్చును. నోట లాలాజలము ఊరును, జీర్ణకోశములో జీర్ణరసము ఊరును. తిండి వచ్చుటకు ముందే పొయ్యి రాజుకొన్నట్లగును. కావుననే చేదు మందును భోజనమునకు ముందు, రుచి నాలుకకు తెలియునట్లు పుచ్చుకొనవలెనని చెప్పుదురు. మాత్రగా చుట్టి మ్రింగిన ఈ మేలు చాలవరకు పోవును.

వసలో చేదుతోపాటు ఎగిరిపోవు గుణము గల సుగంధ తైలము కూడ కలదు. వాము, శొంఠి, జీలకర్రలలోని తైలముల వలెనే ఇదియు కడుపులోని వాయువును వెడలించును. జంతువుల ప్రేగు ముక్కలపై జరిగిన పరిశోధనలలో వస సారము ప్రేగుల బిగువును సడలించునని తేలినది. అనగా కడుపునొప్పికి, ఉబ్బరమునకు దీనిని వాడిన మన పూర్వులు ఊరక వాడలేదు. ఆయుర్వేదములో హింగువచాది చూర్ణమునకు ఆ పేరు ఇంగువ, వసల నుండియే వచ్చినది. అజీర్ణము, ఉబ్బరములకు వైద్యులు దానిని ఇచ్చుచుందురు.

మందు విషమగు చోటు

ఇది ఒక పక్క. రెండవ పక్క కూడ చూడవలెను.

వస తైలములో బీటా ఏసరోన్ అను పదార్థము కలదు. 1967లో అమెరికాలో జమ్మూ ప్రాంతపు వస తైలమును ఎలుకలకు మేతలో కలిపి చాలకాలము పెట్టి చూచినారు. ఆ ఎలుకలకు చిన్నప్రేగులలో కణితులు పుట్టినవి. అందుపై 1968లో ఆ దేశము ఆహార పదార్థములలో వసను వాడరాదని నిషేధించినది. ఐరోపా దేశములు సారాయి పానీయములలో ఈ పదార్థము కిలోకు 1 మిల్లీగ్రాము మించరాదని హద్దు పెట్టినవి. మన దేశపు ఆహార నియమములలో కూడ బీటా ఏసరోన్‌ను తినుబండారములకు వాసన కల్పించుటకు వాడరాదని కలదు.

ఇచ్చట రైతులు ఒక ముఖ్య విషయము గమనింపవలెను. వస అంతయు ఒకే జాతి వలె కనబడినను, దానిలో క్రోమోసోముల లెక్కను బట్టి మూడు తరగతులు కలవు. ఉత్తర అమెరికాలో పెరుగు వసకు 24 క్రోమోసోములు. దానిలో బీటా ఏసరోన్ ఉండదు. ఐరోపాలో పెరుగు వసకు 36. దానిలో కొద్దిగా ఉండును. మన దేశములో కనబడు 48 క్రోమోసోముల తరగతిలో ఇది మిక్కుటముగా ఉండును, తైలములో సగమునకు పైగా కూడ ఉండవచ్చును. కావున విదేశపు పుస్తకములో వస నిరపాయమని చదివి మన వసకు ఆ మాట అన్వయించుకొనరాదు.

ఎలుకలకు పెట్టినది తైలము, అదియు దీర్ఘకాలము. మనిషి పుచ్చుకొనునది చిటికెడు పొడి, అదియు రెండు మూడు దినములు. ఈ రెండును ఒకటి కావు. ఐనను ప్రతిదినము, నెలల తరబడి వస తినుట తగదని చెప్పుటకు ఇది చాలును.

మోతాదు

భారత ఆయుర్వేద ఔషధ ప్రమాణ గ్రంథములో వస పొడి మోతాదు పెద్దవారికి 60 నుండి 120 మిల్లీగ్రాములని ఉన్నది. వాంతి చేయించుటకు 1 నుండి 2 గ్రాములని ఉన్నది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడుడు. జీర్ణమునకు ఇచ్చు మోతాదునకు పదింతలైనచో అదే వస కడుపులోనిది బయటకు తోయును.

ఇంటిలో దీనిని ఎట్లు అర్థము చేసికొనవలెను? ఒక గ్రాము పొడిని కాగితముపై పోసి, ఎనిమిది సమభాగములు చేసిన ఒక్కొక్క భాగము సుమారు 125 మిల్లీగ్రాములగును. అది పెద్దవారికి హెచ్చుమోతాదు. చిన్న చెంచాతో నిండుగా తీసిన పొడి రెండు గ్రాముల దరిదాపున ఉండును. అనగా "చెంచాడు వస తేనెలో కలిపి తినండి" అని ఎవరైన చెప్పిన, వారు తెలియక వాంతి మందు చెప్పుచున్నారని గ్రహింపవలెను.

ఆయుర్వేద వైద్యులు వసను కడుపులోనికి ఇచ్చుటకు ముందు శోధన చేయుదురు. గోమూత్రములోను, కొన్ని ఆకుల కషాయములలోను వరుసగా ఉడికించుట ఆ శోధనలోని భాగము. చేలో నుండి పెరికిన పచ్చికొమ్మునకు ఈ శోధన ఏదియు జరుగదు. దీపముపై కాల్చిన కొమ్ములో తైలము కొంత ఎగిరిపోవును. పచ్చికొమ్ములో అంతయు నిలిచియుండును. పై సంగతిలోని పెద్దామె పొరపాటు ఇదియే. ఆమె ఆచారము తప్పలేదనుకొన్నది. కాని ఎండుకొమ్ము పచ్చికొమ్మైనది, రెండు చుట్లు ఎక్కువైనవి, ఒక పూట రెండు పూటలైనది.

గర్భిణీ స్త్రీలు, పాలిచ్చు తల్లులు వస తినరాదు. మూర్ఛలకు, నిద్రకు మందులు వాడువారు వైద్యుని అడుగక తినరాదు. వస తైలమును ఎవరును లోనికి పుచ్చుకొనరాదు. రెండు మూడు దినములలో తగ్గని అజీర్ణము, మలములో రక్తము లేక నల్లని మలము, కారణము లేక బరువు తగ్గుట ఉన్నచో ఏ వేరును వెదుకక ఆస్పత్రికి పోవలెను. మామూలు ఉబ్బరమునకు వాము నమిలి వేడినీరు త్రాగుట, శొంఠిపొడి మజ్జిగలో వేసి త్రాగుట చాలును. ఇవి మన వంటింటిలో ఉన్నవే.

పసిపిల్లల విషయము

పసిపిల్లలకు వస పోయుట మన ఇండ్లలో ప్రేమతో చేయు పని. మాటలు త్వరగా వచ్చునని, అరుగుదల బాగుండునని నమ్మకము. ఈ నమ్మకమును ఎగతాళి చేయుట నా ఉద్దేశము కాదు. నాకును మా నాయనమ్మ పోసినదే.

కాని మూడు నెలల బిడ్డ బరువు ఐదారు కిలోలు. పెద్దవాని బరువులో పదవ వంతు. పెద్దవానికే చిటికెడులో సగము మోతాదైన మందును ఈ బిడ్డకు రాతిపై తిప్పిన చుట్ల లెక్కన ఎట్లు కొలువగలము? కొమ్ము పాతదా కొత్తదా, ఏ ప్రాంతపుదో, రాయి గరుకో నునుపో అను దానిని బట్టి చుట్టులో దిగు మందు మారిపోవును. వాంతులైన పసిబిడ్డ ఒంటిలో నీరు కొన్ని గంటలలోనే తరిగిపోవును. ఆరు నెలలు నిండు వరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదియు, నీరు సైతము, పట్టనక్కర లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. వస కూడ ఆ "మరేదియు"లో చేరినదే.

బిడ్డకు కడుపుబ్బరము చేసినచో పాలు త్రాగిన తరువాత భుజముపై వేసికొని వీపు నిమిరి త్రేనుపు వచ్చునట్లు చేయవలెను. ఏడుపు ఆగకున్నను, పొట్ట గట్టిపడినను, వాంతి పచ్చగా వచ్చినను వెంటనే వైద్యునికి చూపవలెను. మాటల విషయమునకు వచ్చిన, బిడ్డతో మనము ఎంత మాటలాడిన అంత త్వరగా మాటలు వచ్చును. వయస్సు మీరినను మాట రానిచో ముందుగా చెవులు వినబడుచున్నవో లేవో పరీక్ష చేయించవలెను.

సాగు పద్ధతి

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఇంత చెప్పిన తరువాత వస సాగు చేయవచ్చునా అనిన, నిశ్చయముగా చేయవచ్చును. ఔషధ తయారీదారులకు వస కావలెను. వారు దానిని శోధించి, తూచి, వైద్యుని చేతికి ఇత్తురు. మన పని శుభ్రమైన సరుకు పండించి ఇచ్చుట.

నేల: బంకమన్ను కలిసిన గరపనేలలు, ఏటి ఒడ్డు ఒండ్రునేలలు మేలు. నీరు ఎల్లప్పుడు అందవలెను. వరి మడికి వలెనే రెండు మూడు మారులు దున్ని దమ్ము చేసి చదును చేయవలెను. దమ్మునకు ముందు జీలుగ లేక జనుము పెంచి కలియదున్నుటయు, బాగుగా చివికిన పశువుల ఎరువు వేయుటయు మంచిది.

ఒక హెచ్చరిక. ఊరి మురుగుకాలువ పారు చోట వస వేయరాదు. మురుగునీటిని శుభ్రపరచుటకు ఏర్పరచిన చిత్తడి మడుగులలో వసను పెంచుట కలదు, ఏలయన ఇది మురికిని, లోహములను పీల్చుకొనును. ఆ గుణమే మందు పంటకు దోషమగును. పై మడి నుండి పురుగుమందు కొట్టిన వరినీరు దిగకుండ కూడ గట్టు వేసికొనవలెను.

నాటుట: విత్తనము చిక్కదు. కొమ్ములే నాటవలెను. ముందు పంట నుండి తీసిన కొమ్ములను తడిమట్టిలో కప్పియుంచిన పిలకలు వచ్చును. పిలక ఉన్న ముక్కలను కోసి, జూన్ నెల రెండవ పక్షమున తొలకరితో నాటవలెను. వరుసల మధ్య 30 సెం.మీ., మొక్కల మధ్య 30 సెం.మీ. దూరమున, 4 లేక 5 సెం.మీ. లోతున నాటవలెను. ఒక వరుసలోని మొక్క పక్క వరుసలోని రెండు మొక్కల నడుమకు వచ్చునట్లు నాటిన ఆకులకు గాలి, వెలుతురు బాగుగా అందును. ఈ లెక్కన ఎకరమునకు సుమారు 45,000 ముక్కలు, ఐదు సెంట్లకు సుమారు 2,250 ముక్కలు పట్టును.

నీరు: మొదట 5 సెం.మీ., మొక్క నిలద్రొక్కుకొన్న తరువాత 10 సెం.మీ. నీరు నిలుపవలెను. వానలు లేనిచో రెండు మూడు దినములకొకసారి తడి పెట్టవలెను. ఊటనేల ఎన్నుకొనుమనుట ఇందుకే. నీరు కొని పోయవలసిన నేలలో ఈ పంట గిట్టుబాటు కాదు.

కలుపు: నాటిన నెలకు మొదటి కలుపు తీయవలెను. అటు తరువాత ఆకులు నేలను కప్పు వరకు నెలకొకసారి తీయవలెను. కలుపు తీయునప్పుడెల్ల మొక్క మొదలును కాలితో మెల్లగా మట్టిలోనికి అదుముచుండవలెను. లేనిచో కొమ్ము పైకి తేలి సన్నబడును. జమ్ము దుబ్బులను పూర్తిగా పెరికి గట్టుపై ఎండవేయవలెను.

చీడలు తక్కువ. పిండినల్లి కనబడినచో పట్టిన ఆకులను కోసి కాల్చివేయవలెను. తినెడి మందు గనుక విషపు మందులు చల్లుట మంచిది కాదు.

తవ్వుట, ఆరబెట్టుట

నాటిన సంవత్సరమునకు ఆకులు క్రిందనుండి పసుపెక్కి ఎండుట మొదలగును. అదియే అదను. నీరు తీసివేసి, పెరుకుటకు వీలగు పదును ఉండగా తవ్వవలెను. కొమ్ములు పక్కలకు ఒకటి రెండడుగులు పాకియుండును. తొందరపడి పలుగుతో పొడిచిన ముక్కలై భూమిలో మిగులును. విస్తీర్ణము ఎక్కువైన నాగలి తోలి వెనుక ఏరించవచ్చును. పిలకలున్న చివరలను మరుపంటకు వేరుచేసి ఉంచుకొనవలెను.

తీసిన కొమ్ములను మట్టి పోవునట్లు పారునీటిలో కడిగి, పీచువేళ్లు కోసి, 5 నుండి 7 సెం.మీ. ముక్కలుగా కోయవలెను. వెదురు తడికపై గాని శుభ్రమైన గచ్చుపై గాని పలుచగా పరచి ఆరబెట్టవలెను. రోడ్డుపై పోసి ఆరబెట్టిన ఇసుక, పేడ అంటి సరుకు వెనుకకు వచ్చును. మండుటెండలో చాల దినములు ఉంచిన తైలము ఎగిరిపోవును గనుక నీడపట్టున గాలి తగులు చోట ముగించుట మేలు. ముక్క వంగక పుటుక్కున విరిగిన ఆరినదని గుర్తు. ఆరిన ముక్కలను గోనె సంచిలో వేసి రుద్దిన మిగిలిన పీచు, పొలుసు రాలును.

మొదటి పంటలో పది కిలోల పచ్చికొమ్ము తూచి, విడిగా ఆరబెట్టి, ఎన్ని కిలోలు తూగునో పుస్తకములో వ్రాసికొనవలెను. బేరమునకు కూర్చున్నప్పుడు ఆ లెక్క మీకు అక్కరకు వచ్చును.

నిల్వ: తేమ తగులని గదిలో బల్లలపై ఉంచవలెను. సంచిపై "వస, తినుటకు కాదు" అని వ్రాయవలెను. పిల్లలకు అందనీయరాదు. వసపొడి నిల్వపురుగులను, వాటి సంతతిని అణచునని పరిశోధనలలో తేలినది. మన ఇండ్లలో పట్టుబట్టలు, పుస్తకముల మధ్య వస ముక్క ఉంచుట తెలిసినదే. విత్తనమునకు దాచు పెసలు, మినుములలో వసపొడి కలుపవచ్చును. కాని అట్లు కలిపిన గింజలను విత్తనమునకే వాడవలెను, వంటకు వాడరాదు. పశువుల కడుపుబ్బునకు వస నూరిపోయు అలవాటు కొన్ని చోట్ల కలదు. ఉబ్బు గంటలలో ప్రాణము తీయు జబ్బు. నాటుమందుతో పొద్దు గడుపక పశువైద్యుని పిలువవలెను.

అమ్మకము

మందు పంటలలో నష్టపోయినవారు చాలమంది పండించలేక నష్టపోలేదు, కొనువాడు లేక నష్టపోయిరి. నాటుకొమ్ములు అమ్మువాడే పంట కొనెదనని నోటిమాటగా చెప్పి, కోతకు కనబడక పోవుట మా దృష్టికి వచ్చినది. కావున ముందు కొనువాని వెదకి, ధర, తేమ, శుభ్రత షరతులు కాగితముపై వ్రాయించుకొని, తరువాత నాటవలెను. 2000లో ఏర్పడిన జాతీయ ఔషధ మొక్కల మండలి, రాష్ట్ర ఔషధ మొక్కల మండలి ఈ విషయములలో సలహాలిచ్చును. హైదరాబాదులో కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ వారి కేంద్రము కలదు. నాటుకొమ్ములు, తైలపు పరీక్షల గురించి వారిని అడుగవచ్చును. మొదటి సంవత్సరము ఐదు సెంట్లకు మించి వేయవద్దని నా సలహా. ఆ ఐదు సెంట్ల కొమ్ములే మరుసటి సంవత్సరమునకు నాటుకొమ్ములగును.

గుర్తుంచుకొనవలసిన విషయములు

1. వస ఊటనేలకు తగిన పంట. మురుగునీటిలో పెంచరాదు.
2. పెద్దవారికి జీర్ణమునకు మోతాదు 60 నుండి 120 మిల్లీగ్రాములు, అదియు వైద్యుని సలహాపై, కొద్ది దినములు మాత్రమే. చెంచాడు పొడి వాంతి మందు.
3. పచ్చికొమ్ము, వస తైలము లోనికి పుచ్చుకొనరాదు.
4. పసిపిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు ఇవ్వరాదు.
5. కొనువాడు కుదిరిన తరువాతనే నాటవలెను.

ఆ గ్రామపు రైతు వసను పీకలేదు. చెక్క చుట్టు కంచె కట్టి, సంవత్సరము నిండగానే తవ్వి, ఆరబెట్టి, మాట కుదుర్చుకొన్న వర్తకునికి అమ్మెను. మరల ఆ ఊరు పోయినప్పుడు పెద్దామె మనుమని ఎత్తుకొని వాకిట కూర్చుండియుండెను. నన్ను చూచి, "వస మానేశాను బాబూ. వీడికి మాటలు రావేమోనని బెంగ పడ్డాను. ఇప్పుడు వీడి నోరు మూయించలేకుండా ఉన్నాం" అనెను. బిడ్డ ఆమె పైటకొంగు లాగుచు తనకు తోచిన భాషలో ఏదియో గట్టిగా చెప్పుచుండెను.